ఉప్పునీటి తొట్టి, నురగ గొట్టం, డబ్బా మీది అంకె

ప్రొటీన్ స్కిమ్మర్ డబ్బా మీద ఎప్పుడూ ఒక అంకె ఉంటుంది. "500 లీటర్ల వరకు", "1000 లీటర్ల వరకు" అని. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్ళు తమ తొట్టి లీటర్లు లెక్కేసుకుని, ఆ అంకెతో సరిచూసుకుని, డబ్బులు కట్టి ఇంటికి తెచ్చుకుంటారు. ఇంకాస్త జాగ్రత్తపరులు "రెట్టింపు సైజుది తీసుకో, ఎందుకైనా మంచిది" అనే సలహా పాటిస్తారు. బెంగళూరులో నాతోపాటు పనిచేసే మిత్రుడొకడు ఇలాగే కొందామని బయల్దేరి, ఈ అంకె ఎవరు ఎలా కొలిచి వేస్తారని నన్నడిగాడు. నాకు చేపలు పెంచే అలవాటు లేదు. కానీ "ఈ నంబరు ఎక్కణ్ణుంచొచ్చింది" అనే ప్రశ్న వింటే మాత్రం ఊరుకోలేని జబ్బుంది. మా సర్వరు పదివేలమంది యూజర్లను మోస్తుందని అమ్మకాలవాళ్ళు చెప్పినప్పుడు, ఏ యూజర్లు, ఏం చేసే యూజర్లు అని అడగడమే కదా మన ఉద్యోగం!

తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, ఈ యంత్రం 1960ల్లో పుట్టింది. రకరకాల స్కిమ్మర్లను పక్కపక్కన పెట్టి, ప్రయోగశాల పద్ధతిలో కొలిచి, ఎవరైనా చదువుకునేలా అచ్చేసిన పరీక్ష నాకు దొరికింది 2009 నాటిది. మధ్యలో నలభై అయిదేళ్ళ పైచిలుకు జనం డబ్బా మీది అంకెను నమ్మే కొన్నారు. ఆ నలభై అయిదేళ్ళ కథే ఇది.

ముందు ఈ యంత్రం చేసేదేమిటో చెప్పుకుందాం. స్కిమ్ చెయ్యడమంటే మీగడ తియ్యడం. మనకు ఇంతకంటే దగ్గరి పోలిక బెల్లం వండేచోట దొరుకుతుంది. అనకాపల్లి వైపు చెరకు రసం పెనంలో కాగుతుంటే పైకి తేలే మడ్డిని పెద్ద గరిటెతో తీసి పారేస్తుంటారు, చూసే ఉంటారు. రసంలో కలిసిపోయి కంటికి కనబడని చెత్త నురగలో చేరి పైకొస్తుంది. నురగను తీసేస్తే చెత్త పోయినట్టే. కందిపప్పు ఉడికేటప్పుడు అమ్మ తీసేసే తెల్లటి నురగ సంగతీ ఇలాంటిదే. స్కిమ్మర్‌లో మాత్రం మంట ఉండదు. నిలువు గొట్టంలో ఉప్పునీటిలోకి సన్నటి గాలిబుడగలు వదులుతారు. చేపల విసర్జనలో, మిగిలిపోయిన తిండిలో ఉండే ప్రొటీన్లలాంటి పదార్థాలకు ఒక గుణం ఉంది. వాటి అణువులో ఒక భాగానికి నీళ్ళంటే ఇష్టం, ఇంకో భాగానికి పడదు. కాబట్టి నీటికీ గాలికీ మధ్యనుండే సరిహద్దు మీదికెళ్ళి కూర్చుంటాయి. బుడగ వాటిని మోసుకుని పైకొస్తుంది. పైన గొట్టం మెడలా సన్నబడుతుంది. అక్కడ బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, నీళ్ళు కిందికి కార్చుకుంటూ, గట్టి నురగై కప్పులో పడతాయి. ఆ కప్పులో చేరే నల్లటి ద్రవం వాసన గురించి రాయను, మీరు భోంచేసి ఉండొచ్చు :)

ఇందులో బుడగ సైజే ప్రాణం. లెక్క తేలికే. ఒక లీటరు గాలిని సెంటీమీటరు బుడగలుగా విడగొడితే వాటి మొత్తం ఉపరితలం 0.6 చదరపు మీటర్లు. మిల్లీమీటరు బుడగలైతే 6. అర మిల్లీమీటరుకు దించితే 12. చెత్త కూర్చునే కుర్చీలు ఆ ఉపరితలమే గనక, బుడగ ఎంత చిన్నదైతే అంత మంచిది. మంచినీటిలో చిన్న బుడగలు ఒకదాన్నొకటి తాకగానే కలిసిపోయి పెద్దవౌతాయి, ఉప్పునీటిలో అంత సులువుగా కలవవు. ఇళ్ళలో మంచినీటి అక్వేరియాలకు స్కిమ్మర్ పెట్టకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. అలాగని మంచినీటిలో నురగ రాదనుకోకండి. 2015 నుంచీ బెళ్ళందూరు చెరువు నురగ వార్తల్లోకెక్కింది. రోడ్డు మీదికి ఎగిరి పడేది, ఒకసారి అంటుకుని మండింది కూడా. అది ఊరి మురుగులోని సబ్బుల పుణ్యం. రింగు రోడ్డు మీద ఆఫీసుకెళ్ళే మనవాళ్ళందరూ ముక్కు మూసుకుని చూసింది ఒక భారీ స్కిమ్మర్‌నే, కాకపోతే దానికి కప్పు లేదు.

సరే, చరిత్రకొద్దాం. సముద్ర జీవుల్ని ఇంట్లో పెట్టుకోవాలనే సరదా స్కిమ్మర్ కన్నా వందేళ్ళు పాతది. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషావిడ టార్కీ తీరంలో రాతి పగడాలు చూసి ముచ్చటపడి లండన్ తీసుకెళ్ళింది. నీళ్ళు మురిగిపోకుండా ఉండాలంటే ఎలా? రోజూ తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట సేపు పోస్తూండమని పనిమనిషికి పురమాయించింది. ఆ తర్వాత సముద్రపు నాచు కూడా వేసి పగడాలను ఏళ్ళ తరబడి బతికించింది. థిన్ పేరు చరిత్రకెక్కింది. నీళ్ళు పోసినావిడ పేరు నాకెక్కడా కనబడలేదు. కరెంటు పోయినప్పుడు ఇప్పటికీ అక్వేరియంవాళ్ళు మగ్గుతో చేసే పని ఇదే. స్కిమ్మర్ చేసే ఉపకారంలో కూడా సగం ఇదే, నీటికి గాలి పట్టించడం. సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2 కు పడిపోతుంది. మన ఎండల్లో ఆ తేడా చేపకు తెలుస్తుంది.

1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేప, మొక్క, నత్త ఒకే తొట్టిలో ఒకదానికొకటి ఆసరాగా బతుకుతాయని కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన "ది అక్వేరియం" పుస్తకంతో ఆ మాటా, ఆ పిచ్చీ ఇంగ్లండంతా పాకాయి. జనం బుట్టలు పట్టుకుని ఒడ్డున పడి రాతిగుంటల్లో ఉన్నవన్నీ ఏరుకుపోయారు. ఆ గుంటలెలా బోసిపోయాయో గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తన జ్ఞాపకాల పుస్తకంలో బాధగా రాశాడు. తెచ్చినవాటిలో అధిక భాగం చచ్చేవి కూడాను. ఈ సరదాలో మొదటినుంచీ ఉన్న మచ్చ ఇది. సైజు లెక్కల గురించి ఇంత తలబద్దలు కొట్టుకోవడం దేనికని ఎవరైనా అంటే నా జవాబు ఇదే. లెక్క తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఆ రోజుల్లో "సైజు" గురించి అందరికన్నా బాగా ఆలోచించినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్ దగ్గర క్రిస్టల్ ప్యాలెస్‌లో తెరిచిన అక్వేరియం ఆయన చేతి పనే. జనానికి కనబడే తొట్లు కొన్నే, వాటి కింద చీకట్లో వాటికి కొన్ని రెట్ల పెద్ద నీటి నిల్వ. ఆవిరి యంత్రాలతో పంపులు నడిపి ఆ నీటిని నిరంతరం తిప్పేవాడు. మురికి తియ్యడం ఎలాగో తెలియదు, కాబట్టి మురికిని పలచన చేశాడన్నమాట. మనవాళ్ళు సర్వరు నెమ్మదిస్తే కోడ్ జోలికి పోకుండా ఇంకో నాలుగు సర్వర్లు జోడిస్తారు చూడండి, ఆ పద్ధతే! డబ్బుంటే అది నిజంగానే పనిచేస్తుంది. ఇంట్లో ఎలా పెడతాం? మేడ మీద నాలుగొందల లీటర్ల తొట్టికే ఓనరు గొణుగుతాడు, కింద రెండువేల లీటర్ల నిల్వంటే ఖాళీ చెయ్యమంటాడు.

నురగతో వేరుచేసే విద్య అప్పటికి వేరే రంగంలో పుడుతోంది. అమెరికాలో క్యారీ ఎవర్సన్ అనే ఆవిడ 1886లో ఖనిజాన్ని నూనె, ఆమ్లం సాయంతో వేరుచేసే పద్ధతికి పేటెంటు తీసుకుంది. 1900లు మొదలైన కొత్తలో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల్లో, పనికిరాదని గుట్టలుగా పోసిన పొడిలోంచి జింకును బుడగలతో తేల్చి తీశారు. ఇప్పుడు ప్రపంచంలో రాగి, సీసం, జింకు చాలామటుకు ఆ దారిలో వచ్చేవే. గనివాడికి నురగలో వచ్చేది సరుకు, అక్వేరియంవాడికి నురగలో వచ్చేది చెత్త. సూత్రం ఒకటే.

ఇంట్లో పెట్టుకునే స్కిమ్మర్ మాత్రం జర్మనీలో, 1960ల తొలినాళ్ళలో తయారైంది. ఎర్విన్ జాండర్ పేరు ఎక్కువగా వినబడుతుంది. ఓజోన్ యంత్రాలతోపాటు ఈ నురగ గొట్టాలూ చేసి అమ్మాడు. బవేరియాలో నార్బర్ట్ టుంజే పెట్టిన కంపెనీ కూడా ఆ దశకంలోనే ఈ రంగంలోకొచ్చింది. ఒక తమాషా చూడండి. సరిగ్గా అప్పుడే జర్మనీ నదుల మీద కొత్త డిటర్జెంట్ల నురగ కొండల్లా తేలుతుండేది. అది భరించలేక 1961లో చట్టం చేశారు, 1964లో అమల్లో పెట్టారు. నురగ మురికిని ఎత్తుకొస్తుందని అక్కడ ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు, వంతెన మీద నిలబడితే కనబడేది. దాన్ని చూసే స్కిమ్మర్ కనిపెట్టారని నేననడం లేదు. రెండూ ఒకే గాలిలో ఉన్నాయంటున్నానంతే.

జర్మనీలోనే ఎందుకంటే, నాకు తోచిన కారణం సముద్రం దూరం కావడం. బెర్లిన్‌వాడు బిందె పట్టుకుని ఒడ్డుకెళ్ళలేడు. ఉప్పు కొని కలుపుకోవాలి. (అమెరికాలో ఇన్‌స్టంట్ ఓషన్ అనే ఉప్పు పొడి 1960ల నడుమ బజారులోకొచ్చింది.) లీటరుకు దాదాపు 35 గ్రాములు. 240 లీటర్ల నీళ్ళు పూర్తిగా మార్చాలంటే ఎనిమిది కిలోల పైచిలుకు. ప్రతి లీటరూ డబ్బే అయినప్పుడు, నీళ్ళు పారబొయ్యకుండా అందులోని మురికిని మాత్రమే పారబోసే యంత్రం మీదికి మనసు పోతుంది. విశాఖలో బీచికి అయిదు నిమిషాల దూరంలో ఉన్నవాడి లెక్క వేరు, బెంగళూరువాడి లెక్క వేరు. మనం బెర్లిన్ జాతి.

ఆ తొలి స్కిమ్మర్లు చూడటానికి సాదాసీదా గొట్టాలు. గాలి పంపు, దాని చివర లిండెన్ కర్ర ముక్క. కర్రలోని సన్నటి రంధ్రాల గుండా వచ్చే బుడగ పొడిలా ఉంటుంది. నీరు పైనుంచి కిందికి, బుడగలు కిందినుంచి పైకి. ఎదురెదురుగా నడవడం వల్ల ఎక్కువసేపు కలిసుంటాయి. కర్ర నాని కుళ్ళి కొన్ని వారాలకోసారి మార్చాల్సొచ్చేది. 1973లో పీటర్ విల్కెన్స్ వెన్నెముక లేని సముద్ర జీవుల పెంపకం మీద జర్మన్‌లో పుస్తకం రాశాడు. తర్వాత డీట్రిష్ ష్ట్యూబర్ తదితరులు బెర్లిన్‌లో ఒక పద్ధతి స్థిరపరిచారు. సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, బలమైన వెలుతురు, బలమైన స్కిమ్మర్. దానికి బెర్లిన్ పద్ధతి అనే పేరు నిలిచిపోయింది. ష్ట్యూబర్ తొట్టిలో పెరిగిన అక్రోపోరా పగడం ముక్కలు చేతులు మారి దేశదేశాలు తిరిగాయి. మురికి కుళ్ళి అమ్మోనియా, ఆపై నైట్రేట్ అయ్యేదాకా ఆగి తర్వాత తంటాలు పడటమెందుకు, కుళ్ళకముందే ఎత్తి అవతల పారేద్దాం. ఈ పద్ధతి వెనక ఆలోచన అదీ. ఒకసారి నైట్రేట్‌గా మారాక స్కిమ్మర్ దాన్నేం చెయ్యలేదు, అది బుడగకు అంటదు.

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. 1986లో "ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం" పత్రికలో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో అక్కడ ఇళ్ళలో పగడాల పిచ్చి మొదలైంది. ఆయన చూపించిన దారి తడి-పొడి ఫిల్టర్, అంటే ప్లాస్టిక్ ముక్కల మీద నీటిని చిలకరించి బాక్టీరియాతో పని చేయించడం. అది అమ్మోనియాను చకచకా నైట్రేట్ చేసి పెట్టింది. నైట్రేట్ మాత్రం తొట్టిలోనే పోగుపడింది. కొన్నేళ్ళకు అమెరికావాళ్ళు బెర్లిన్ వైపు తిరిగారు. 1994లో వచ్చిన డెల్బీక్, స్ప్రంగ్‌ల "ది రీఫ్ అక్వేరియం" మొదటి సంపుటం ఆ మార్పుకు చాలా సాయం చేసింది. స్కిమ్మర్ లేకపోయినా ఫర్వాలేదన్నవాళ్ళూ లేకపోలేదు. స్మిత్సోనియన్‌లో వాల్టర్ ఏడీ నాచు పలకలతో నీటిని శుభ్రం చేశాడు. మొనాకోలో జాన్ జోబేర్ మందపాటి ఇసుక అడుగున ఆక్సిజన్ లేని పొర పెట్టి నైట్రేట్‌ను వదిలించాడు. వాళ్ళ వాదనలో సత్తువ ఉంది. నురగతోపాటు పగడాలు తినే సూక్ష్మజీవులు కూడా పోతాయి కదా అంటారు. ఆ తగువు ఇక్కడ తేల్చను, వేరే టపాకు సరిపడా ఉంది.

మనకు కావలసింది 1990లు. స్కిమ్మర్ అందరికీ కావలసిన వస్తువైంది. పోటీ పెరిగింది. కర్ర ముక్క పోయి వెంచురీ వచ్చింది, నీటి ధారను పైనుంచి గొట్టంలోకి దూకించి నురగ తెప్పించే ఎత్తైన యంత్రాలొచ్చాయి, పంపు రెక్కల బదులు సూదుల చక్రం పెట్టి గాలిని చిదిమేవి వచ్చాయి. ఒక్కో కంపెనీ తన పద్ధతే గొప్పదంది. కొనేవాడికి అంత ఓపికెక్కడిది? వాడికి అర్థమయ్యే ఒకే ఒక్క అంకె తన తొట్టి లీటర్లు. కాబట్టి డబ్బా మీద లీటర్లే వేశారు. ఆ లీటర్లకు అందరూ ఒప్పుకున్న పరీక్ష అంటూ లేదు. మన బైకుల మైలేజీ అంకె మీద ఎన్ని జోకులు వేసుకున్నా, దాని వెనక ఫలానా పద్ధతిలో నడిపి చూశామనే పరీక్ష ఒకటుంది. స్కిమ్మర్‌కు అదీ లేదు. నా మట్టుకు నాకు, ఈ చరిత్ర మొత్తంలో అసలు తిరకాసు ఇక్కడుంది. అంకె అబద్ధమని కాదు. అంకె కొలుస్తున్న వస్తువే తప్పు.

ఎలాగో చూడండి. తొట్టిలో రోజుకు 2 గ్రాముల పొడి మేత వేస్తున్నారనుకుందాం. అందులో 45 శాతం ప్రొటీన్, ప్రొటీన్‌లో దాదాపు 16 శాతం నైట్రోజన్. అంటే రోజుకు 144 మిల్లీగ్రాముల నైట్రోజన్. చేప ఒంటికి పట్టింది పక్కనబెట్టి, మొత్తం నైట్రేట్‌గా మారిందనుకుంటే దాదాపు 640 మిల్లీగ్రాములు. 240 లీటర్ల తొట్టిలో ఇది లీటరుకు రోజుకు 2.7 మిల్లీగ్రాములు. నెల తిరిగేసరికి 80. అదే మేత, అవే చేపలు 600 లీటర్ల తొట్టిలో ఉంటే లీటరుకు పడే వంతు సగం కంటే తక్కువ. కానీ రోజూ ఎత్తిపారెయ్యాల్సిన మొత్తం మురికి? రెండు తొట్లలోనూ ఒకటే! లీటర్లు పెరిగితే స్కిమ్మర్‌కు పని పెరగదు, తప్పు చేసినప్పుడు తేరుకోవడానికి మీకు వ్యవధి పెరుగుతుందంతే. లాయిడ్ చీకటి నిల్వ చేసిన పని అదే. స్కిమ్మర్ పని మేత డబ్బాలో ఉంది, గాజు పలకల మధ్య లేదు. అందుకే కొందరు తయారీదారులు ఒకే స్కిమ్మర్‌కు "తక్కువ చేపలుంటే ఇన్ని, ఎక్కువుంటే ఇన్ని" అని రెండు మూడు అంకెలు వేస్తారు. అది కాస్త నిజాయితీ. అంగట్లో మీకు చెప్పేది మాత్రం అందులో పెద్ద అంకె. మా మిత్రుడికీ అదే చెప్పారు.

దీన్ని ఇంజనీరు బుర్రతో పట్టుకున్నవాడు ఎస్కోబాల్. 1996లో అక్వేరియం యంత్రాల మీద లెక్కలతో నిండిన పుస్తకం వేశాడు. ఆయన చెప్పిన ఒక సూత్రం బాగా ప్రచారమైంది. శుభ్రం చేసిన నీళ్ళు మళ్ళీ అదే తొట్టిలో కలుస్తాయి కాబట్టి, ఒకసారి తొట్టెడు నీళ్ళు తిప్పినంత మాత్రాన నీళ్ళన్నీ స్కిమ్మర్ గుండా పోయినట్టు కాదు, 63 శాతమే పోయినట్టు. 99.99 శాతం పోవాలంటే తొట్టి లీటర్లను గంటకు పారే లీటర్లతో భాగించి 9.2 తో హెచ్చవెయ్యాలి. ఈ 9.2 ఏ మంత్రమూ కాదు, పదివేలకు సహజ సంవర్గమానం. ఇంటర్ లెక్కల పుస్తకం తిరగేస్తే దొరుకుతుంది. 240 లీటర్ల తొట్టి, గంటకు 480 లీటర్ల పారుదల అంటే నాలుగున్నర గంటల పైన. నీరూ బుడగా కలిసుండే కాలం రెండు నిమిషాలుండాలన్నది ఆయన మరో మాట. ఇవి చదివిన జనం పంపులు పెంచారు, గొట్టాలు పొడుగు చేశారు. లెక్క ముచ్చటగా ఉంది. కానీ దాని వెనక ఒక ఊహ దాగుంది, స్కిమ్మర్ గుండా పోయిన నీరు శుభ్రమైపోతుందని.

2009లో కెన్ ఫెల్డ్‌మన్ ఆ ఊహను పరీక్షకు పెట్టాడు. ఈయన పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో రసాయన శాస్త్ర ఆచార్యుడు, ఇంట్లో పగడాల తొట్టి ఉన్న మనిషి. సహచరులతో కలిసి ముందు ఉప్పునీటిలో తెలిసిన మోతాదులో అల్బుమిన్ ప్రొటీన్ కలిపి, స్కిమ్మర్ నడిపి, ఎంతసేపటికి ఎంత తగ్గిందో కొలిచాడు. తర్వాత నిజమైన అక్వేరియం నీటిలోని మొత్తం సేంద్రియ కర్బనం కొలిచాడు. గాలి రాయిది, వెంచురీది, సూది చక్రానిది, ధార దూకించేది, ఇలా వేర్వేరు జాతులు తీసుకున్నాడు. తర్వాతి ఏడాది మరికొన్నిటిని చేర్చాడు. ఫలితాలు "అడ్వాన్స్‌డ్ అక్వేరిస్ట్" పత్రికలో వచ్చాయి.

ఫలితాల్లో రెండు ముక్కలు. ఒకటి, అన్నేళ్ళు కొట్టుకున్న ఆ జాతుల మధ్య మురికి తీసే వేగంలో చెప్పుకోదగ్గ తేడా పెద్దగా లేదు. రెండోది ఇంకా గట్టిది. ఏ స్కిమ్మరైనా, ఎంతసేపు నడిపినా, నీటిలోని సేంద్రియ కర్బనంలో తీసింది దాదాపు 20 నుంచి 35 శాతం. మిగిలినది బుడగకు అంటని సరుకు. గీత కిందికి దిగుతూ దిగుతూ ఒకచోట నేలకు ఆనినట్టు ఆగిపోతుంది. పెద్ద స్కిమ్మర్ పెడితే ఆ నేల దగ్గరికి త్వరగా చేరతారేమో గానీ, నేల కిందికి జరగదు. 2010లో కప్పులో చేరిన నల్ల ద్రవాన్ని కూడా విశ్లేషించాడు. అందులోని గట్టి పదార్థంలో సున్నపు సరుకూ, సిలికా కూడా బాగా కనబడ్డాయి. కప్పు నల్లగా నిండింది గనక యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోవడానికి లేదన్నమాట.

ఇది చదివి స్కిమ్మర్ దండగ అనుకోకూడదు. ఆ 20-35 శాతం కుళ్ళకముందే పోవడం చిన్న సంగతి కాదు, ఆక్సిజన్ అదనం. కాకపోతే సైజు ప్రశ్న రూపం మారిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇదొక క్యూ. వచ్చి పడే వేగం కన్నా తీసే వేగం ఎక్కువుంటే చాలు, క్యూ పెరగదు. అంతకు మూడు రెట్ల వేగం పెట్టినా క్యూ సున్నా కంటే తక్కువ కాదు. పైగా ఇక్కడ ఖాళీగా కూర్చున్న సర్వరుకు ఇంకో రోగముంది. నురగ నిలబడాలంటే మెడ నిండా మురికి ఉండాలి. వెడల్పు మెడ ఉన్న పెద్ద స్కిమ్మర్‌ను నాలుగు చేపల తొట్టికి పెడితే, బుడగలు మెడ ఎక్కకముందే చిట్లిపోతాయి. పోగైన మురికి సరిపడా అయ్యేదాకా ఊరుకుని, ఒక్కసారి పొంగి, మళ్ళీ పడుకుంటుంది. ఊరందరి చెరకు కాచే పెనంలో చెంబెడు రసం పోసి మడ్డి గరిటెకు రాలేదని ఏడిస్తే ఎలా? "రెట్టింపు తీసుకో" అనే సలహా పుట్టింది డబ్బా మీది అంకె నమ్మకూడదనే తెలివితోనే. కానీ ఎవరు ఎంత ఎక్కువ చేసి రాశారో తెలియనప్పుడు, అందర్నీ రెండుతో భాగిస్తే సరైన జవాబెలా వస్తుంది? అదృష్టం బాగుంటే వస్తుంది.

మనదేశంలో ఇంకో ముడి ఉంది. రాతి పగడాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి. వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. (మంచి చట్టం. గాస్ కాలపు బుట్టలు గుర్తు తెచ్చుకోండి.) కాబట్టి ఇక్కడ చట్టాన్ని గౌరవించేవాడి ఉప్పునీటి తొట్టి ప్రధానంగా చేపల తొట్టి. పగడం ప్రధానంగా వెలుతురు తిని బతుకుతుంది, చేప మేత తిని బతుకుతుంది. జర్మనీలో పగడాల తొట్టిని మనసులో పెట్టుకుని వేసిన అంకెను బెంగళూరు చేపల తొట్టికి వాడితే స్కిమ్మర్ చిన్నదవుతుంది. అదే అంకె నమ్మి రెండే రెండు క్లౌన్ చేపలకు కొన్నవాడికి పెద్దదవుతుంది. ఒకే డబ్బా, ఒకే అంకె.

మా మిత్రుడి తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు. కాగితం మీద 324 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 240. వాణ్ణి లీటర్లు మర్చిపొమ్మని, వారం రోజులు మేత వెయ్యబోయే ముందు వంటింటి కాటాలో తూచి రాసిపెట్టమన్నాను. గ్రాముల కాటా లేదంటే నగల కాటా ఒకటి కొన్నాడు. కొట్టుకెళ్ళేటప్పుడు టేపు పట్టుకెళ్ళమన్నాను. మెడ లోపలి వ్యాసం ఎంత, పంపు గంటకు ఎన్ని లీటర్ల గాలి లాగుతుంది, అడుగు తొట్టిలో ఎంత లోతు నీళ్ళలో నిలబెట్టాలి, కరెంటు పోయి వచ్చినప్పుడు పొంగితే ఆ కప్పు నీళ్ళు ఎటు పోతాయి. మొదటి రెండూ కొందరు రాస్తారు, కొందరు రాయరు. నాలుగోది ఎవరూ రాయగా చూడలేదు. మూడు కొట్లు తిరిగాడు. ఒకచోట మాత్రం కుర్రాడు డబ్బా విప్పి మెడ కొలవనిచ్చాడట.